నిలబడే వంతు

వంటింట్లో స్టూలు మళ్ళీ మాయమైంది. గిన్నెలన్నీ సింకులో నానేసి, కూర్చుందామని వెనక్కి తిరిగి చూస్తే, స్టూలు ఉండాల్సిన చోట చీపురు నిలబడి ఉంది. ఆమెకి నవ్వొచ్చింది. ఈ ఇంట్లో చీపురుక్కూడా నిలబడడం వచ్చు. తనకే రాదు.

స్టూలు ఎక్కడుంటుందో వెతకక్కర్లేదు. వెనక వరండాలో, ఖాళీ డబ్బాల చాటున, తప్పు చేసిన పిల్లలా గోడవైపు తిరిగి ఉంటుంది. దాన్ని అక్కడికి చేర్చేది అత్తగారు. కోపంతో కాదు. ఆవిడ కోపంతో చేసే పనులకి చప్పుడుంటుంది. ఇది మాత్రం చప్పుడు లేకుండా చేస్తుంది. "ఎవరైనా వస్తే బాగోదమ్మాయ్. పొయ్యి ముందు కూర్చున్న ఆడదాన్ని చూస్తే, ఇంట్లో పని చేసేవాళ్ళు లేరనుకుంటారు" అని ఒకసారి నచ్చచెప్పింది. ఆవిడ ముప్పై ఏళ్ళు పిల్లల హాస్టల్లో వంట చేసింది. మనిషి మునిగేంత గుండిగల ముందు నిలబడే వండింది, నిలబడే వడ్డించింది, మిగిలింది నిలబడే తింది. తనతో పాటు వండే ఒకావిడ మోకాళ్ళ నొప్పితో పిండి బస్తా మీద కాసేపు చతికిలబడితే, వార్డెను చూసి ఆ నెలాఖరుకి పనిలోంచి తీసేశాడట. మొగుడు పోయాక ఆ వంటశాల మీదే కొడుకుని పెంచుకొచ్చిన మనిషికి కూర్చోవడమంటే కూడు పోగొట్టుకోవడమే. ఆ సంగతి ఆమెకి అర్థమవుతూనే ఉంది. అర్థమైనంత మాత్రాన కాళ్ళు నిలబడతాయా.

ఆమెకున్న జబ్బు పైకి కనపడేది కాదు. చిక్కంతా అక్కడే. పడుకుంటే మామూలు మనిషి. కూర్చుంటే ముప్పాతిక మామూలు మనిషి. లేచి నిలబడిందా, ఒంట్లో రక్తమంతా బోర్లించిన బిందెలోంచి దిగినట్టు కాళ్ళలోకి దిగిపోతుంది. దాన్ని పైకి తోడడానికి గుండె పరుగందుకుంటుంది. చూపు అంచుల్లోంచి నల్లబడుతూ వస్తుంది, చెవుల్లో ఈగలు ముసురుకున్నట్టుంటుంది, ఎదుటివాళ్ళ మాటలు పక్కింట్లోంచి వినిపిస్తున్నట్టుంటాయి. గుండె కొట్టుకోవడం, చెమట పట్టడం, రక్తనాళాలు బిగుసుకోవడం, ఇవన్నీ మనల్ని అడక్కుండా వాటంతటవే చూసుకునే నరాలుంటాయని, ఆమె ఒంట్లో ఆ నరాలు లెక్క తప్పుతున్నాయని డాక్టరమ్మ చెప్పింది. పూర్తిగా నయమయ్యేది కాదు, కనిపెట్టుకుని ఉంటే బతుకు సాగిపోయేదే అని కూడా చెప్పింది. ఆ మాట విన్న రోజు ఆమె బస్సులో ఇంటిదాకా ఏడ్చింది. భయపడి కాదు. చిన్నప్పటి నుంచీ అందరూ పేర్లు తనకే పెట్టారు. జబ్బుకి పేరు పెట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు. బళ్ళో ప్రార్థనకి నిలబెడితే పడిపోయినందుకు టీచరు పెట్టిన పేరు 'నాటకం'. పుట్టింట్లో 'బద్ధకం'. ఇప్పుడు షాపులో, మధ్యాహ్నం అన్నాల దగ్గర కింద కూర్చుంటే మంచు కరిగినట్టు లేస్తుందని తోటి అమ్మాయిలు పెట్టిన పేరు 'నిదానం'. వాటన్నిటిలోకీ ఇదొక్కటే కాస్త ముద్దుగా ఉంది.

షాపంటే దుప్పట్లూ దిండ్లూ పరదాలూ అమ్మే షాపు. రెండో అంతస్తు ఆమెది. అంతస్తు మధ్యలో పెద్ద మంచం, దాని మీద మెత్తటి పరుపు, దాని మీద షాపులోకెల్లా ఖరీదైన దుప్పటి, దొంతరగా దిండ్లు. రోజంతా ఆ మంచం చుట్టూ నిలబడి, పడుకోవడం ఎంత సుఖమో వచ్చినవాళ్ళకి వివరించి చెప్పడం ఆమె ఉద్యోగం. మంచం మీద కూర్చోకూడదు. గోడవారన ఉన్న ఒక్క కుర్చీ కొనేవాళ్ళది. వాళ్ళు లేనప్పుడు ఫ్లోర్ ఇన్‌ఛార్జిది. కూర్చోవడానికి అనుమతి అడిగితే ఆయన తల గీరుకుని, "నువ్వు కూర్చుంటే మిగతా అమ్మాయిలకీ కాళ్ళు నొప్పెడతాయి కదమ్మా" అన్నాడు. నొప్పెడుతూనే ఉన్నాయి సార్ అని ఆమె అనలేదు. అనాల్సిన మాటలన్నీ ఆమెకి ఇంటికెళ్ళే బస్సులో తడతాయి.

మొగుడు ఆ బస్సుల్లోనే డ్రైవరు. మనిషి చెడ్డవాడు కాదు. నలుగురిలో నవ్వించడం ఇష్టం. "మా ఆవిడకి బ్రేకులు బ్రహ్మాండం, స్టార్టింగే ట్రబులు" అని స్నేహితుల ముందు అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే రోషం కూడా ఉందనుకుంటారు. సాయంత్రం ఇంటికి రాగానే ముందుగదిలో ఉన్న ఒకే ఒక్క చేతుల కుర్చీలో కూలబడి, "రోజంతా కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందే" అని, ఇంకా కూర్చునేవాడు. ఆమె మంచినీళ్ళు తెచ్చి పక్కన నిలబడేది. ఈ ఏర్పాటులో ఏదో తిరకాసు ఉందని ఆమెకి ఎన్నోసార్లు అనిపించింది గాని, గ్లాసు ఖాళీ అయ్యేలోపు పొయ్యి మీద ఏదో పొంగేది.

ఇలా ఉండగా నెల తప్పింది.

డాక్టరమ్మ సంతోషించింది, వెంటనే జాగ్రత్తలూ చెప్పింది. ఈ జబ్బున్నవాళ్ళు కనకూడదనేం లేదు, కంటున్నారు. కాకపోతే గుండె ఇప్పుడు ఇద్దరి కోసం పరిగెత్తాలి. నీళ్ళు బాగా తాగాలి, అందులో ఉప్పు తను చెప్పినంత పడాలి. మంచం దిగకముందే కాళ్ళకి బిగుతు మేజోళ్ళు తొడగాలి. నిలబడి చేసే ప్రతి పనీ కూర్చుని చేయాలి. ఇక కాన్పు గదిలో, ఎవరేమన్నా సరే, లేపి నడిపించకూడదు. "ఇదంతా కేసు కాగితాల్లో రాస్తాను. కానీ ఆ టైముకి నేను డ్యూటీలో ఉంటానో ఉండనో. నీకు నోట మాట రాకపోవచ్చు. నీ పక్కన ఉండే మనిషికి ఇది తెలిసుండాలి" అంది.

పక్కన ఉండే మనిషి. ఆ ఆసుపత్రిలో కాన్పు గదిలోకి తోడుగా ఒక్క ఆడమనిషినే రానిస్తారు. తల్లి పోయి చాలా కాలమైంది, తోబుట్టువులు లేరు. మిగిలింది అత్తగారు. నోరు పెగలని ఆ గంటల్లో తన బదులు మాట్లాడాల్సింది, తన జబ్బుని ఒక్కనాడూ నమ్మని మనిషి. "వీడు పుట్టిన రోజు పొద్దున కూడా గుండిగ దించి వెళ్ళాను. ఎంత తిరిగితే అంత తేలిగ్గా కాన్పవుతుంది" అని రోజుకోసారి అనే మనిషి. కడుపులో బిడ్డ కదిలినప్పుడల్లా ఆమెకి ముందు సంబరమేసేది, వెంటనే ఇది గుర్తొచ్చేది.

నమ్మించాలని ఆమె చేయని ప్రయత్నం లేదు. మొగుడితో చెప్పించింది, వాడు రెండు ముక్కలు చెప్పి మూడోదానికి జోకేశాడు. అయిదో నెల దాటాక వంగి మేజోళ్ళు తొడుక్కోవడం వల్ల కాక, తెల్లారి డ్యూటీకి వెళ్ళేముందు వాడే తొడిగేవాడు. చేతకాక చేతకాక తొడుగుతుంటే ఇద్దరికీ నవ్వాగేది కాదు. పెళ్ళయ్యాక ఇద్దరూ ఒకే విషయానికి నవ్వింది ఆ వారంలోనే. ఒక పొద్దున తలుపు సందులోంచి అత్తగారు చూసింది. కొడుకు స్నానానికి వెళ్తుంటే, "చేతులు కడుక్కోరా" అంది. మర్నాటి నుంచి డ్యూటీ టైము ముందుకి జరిగిందన్నాడు వాడు. మేజోళ్ళు ఆమె మంచం మీద వెల్లకిలా పడుకుని, కాలు గోడకి ఆనించి, ఆపసోపాలు పడుతూ తనే తొడుక్కుంది.

అలాంటి అత్తగారు ఒకరోజు తనంతట తనే, "నీ ఉప్పునీళ్ళు ఇకనుంచి నేను కలుపుతాలే, నువ్వు పొద్దున్నే లేచి అవస్థపడకు" అంది. ఆమె నమ్మలేకపోయింది. నిద్ర లేచేసరికి తలాపున నిమ్మకాయ పిండిన నీళ్ళ సీసా సిద్ధంగా ఉండేది. షాపుకి రెండు సీసాలు వేరే. పెద్దావిడ మెత్తబడింది, ఇక భయం లేదనుకుంది. షాపులో అమ్మాయిలకి కూడా చెప్పుకుంది.

కానీ రోజులు గడిచేకొద్దీ ఒళ్ళు ఎందుకో వశం తప్పుతోంది. లేచి కూర్చుంటేనే గుండె దడ. బస్సు మెట్టెక్కితే చూపు మసక. నీళ్ళు చప్పగా తగిలితే, కడుపుతో ఉన్నప్పుడు నాలుక మారుతుందంటారు, అదే కాబోలనుకుంది. ఒక మధ్యాహ్నం షాపులో ఒక జంటకి దుప్పటి విప్పి చూపిస్తోంది. "ఇది ఎన్నిసార్లు ఉతికినా..." అన్నంతవరకే ఆమెకి గుర్తు. కళ్ళు తెరిచేసరికి పెద్ద మంచం మీద, దొంతర దిండ్ల మధ్య ఉంది. పడిపోతూ కూడా మంచం వైపే ఒరిగిందట. తోటి అమ్మాయిలు మేజోళ్ళ కాళ్ళు దిండ్ల మీదకెత్తి పట్టుకున్నారు. ఇన్‌ఛార్జి వచ్చి దుప్పటి వైపు చూసి, ఆమె చెప్పులు తీసేశారా అని అడిగాడట. కొనడానికొచ్చినావిడే ఆయన్ని ఒక చూపు చూసి అంబులెన్సుకి ఫోను చేసిందట.

ఆసుపత్రిలో బిడ్డ గుండె చప్పుడు వినిపించేదాకా ఆమె ఊపిరి ఊపిరి కాదు. వినిపించింది. గుర్రం పరిగెత్తినట్టు, తడబడకుండా. అప్పటికి అత్తగారు వచ్చి మంచం కాళ్ళవైపు నిలబడి ఉంది.

డాక్టరమ్మ బీపీ చూసి, రక్తపరీక్ష చూసి, ఉప్పు సరిగ్గా తీసుకుంటున్నావా అని అడిగింది. తీసుకుంటున్నానండీ అంది ఆమె. నీళ్ళు ఎవరు కలుపుతున్నారని అడిగింది. ఆమె నోరు తెరిచేలోపు అత్తగారు, "నేనే" అంది. కాస్త ఆగి, "తగ్గించాను" అంది.

ఆవిడే మళ్ళీ చెప్పుకొచ్చింది. పక్కింటావిడ కూతురికి కాళ్ళు వాచి, బీపీ పెరిగి, కాన్పులో ఫిట్సొచ్చి చావుదాకా వెళ్ళొచ్చింది. ఉప్పు వల్లేనని అందరూ అన్నారు. ఈ పిల్లేమో చెంచాలకి చెంచాలు తాగుతోంది. వద్దంటే వినదు, డాక్టరు చెప్పిందంటుంది. ఒక్కసారిగా తీసేస్తే తెలిసిపోతుంది. అందుకని రోజుకి చిటికెడు చొప్పున తగ్గించుకుంటూ వచ్చింది. హాస్టల్లో సరుకు తక్కువొచ్చిన నెలల్లో అలాగే చేసేవాళ్ళు, అంతమంది పిల్లల్లో ఒక్కరూ కనిపెట్టేవాళ్ళు కాదు. చెప్పినంతసేపూ ఆవిడ కుడిచేతి వేళ్ళు మూడూ గాల్లో చిటికెడు ఉప్పుని పట్టుకునే ఉన్నాయి. ఆమెకి కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ ఆ వేళ్ళని చూస్తే, ఇన్నాళ్ళూ రోజూ పొద్దున్నే లేచి తనని ఎలాగైనా బతికించుకోవాలని అంత జాగ్రత్తగా తన ప్రాణం తీస్తూ వచ్చిన మనిషి మీద, ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆ అమ్మాయి జబ్బు వేరు, ఈ అమ్మాయి జబ్బు వేరని డాక్టరమ్మ మెల్లిగా చెప్పింది. ఈమె వచ్చినప్పుడల్లా బీపీ చూస్తూనే ఉన్నాను, పెరగలేదంది. అత్తగారు తలూపింది. తలూపడం ఆవిడకి అలవాటే. డాక్టరమ్మకి అది అర్థమైనట్టుంది. "పెద్దమ్మా, ఇలా రండి" అని పిలిచి, ఆవిడ వేళ్ళు తీసుకెళ్ళి కోడలి మణికట్టు మీద పెట్టింది.

"తెలుస్తోందా?"

"తెలుస్తోంది. బాగానే ఉంది కదా."

"వదలకండి."

డాక్టరమ్మ కోడలిని ఒక పక్క తను పట్టుకుని, మరో పక్క నర్సుకి అప్పజెప్పి, లేపి నిలబెట్టింది. ముందు ఏమీ లేదు. తర్వాత అత్తగారి మొహంలో ఏదో కదిలింది. వేళ్ళు మణికట్టుని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. ఎసరు మరుగుతున్నప్పుడు గుండిగ మూత మీద చెయ్యి పెట్టి చూసేవాళ్ళకి లోపల ఏమవుతోందో తెలుస్తుంది. ఆవిడ జీవితమంతా అలా చేతులతో తెలుసుకున్న మనిషే. మాటలు ఆవిడలోకి దిగవు.

"పడుకోబెట్టండి" అంది. "చాలు. పడుకోబెట్టండి దాన్ని."

మర్నాడు ఇంటికి పంపేశారు. ఆటో సగం దూరం వెళ్ళాక అత్తగారు రోడ్డు వైపు చూస్తూ అడిగింది, ఎప్పటి నుంచి ఇలా అని. చిన్నప్పటి నుంచే అంది ఆమె. షాపులో రోజంతా ఇలాగేనా అని అడిగింది. ఇలాగే అంది. మూడో ప్రశ్న ఆవిడ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. వంటింట్లో కూడానా అని. దానికి జవాబు ఆవిడకి తెలుసు.

మరుసటి పొద్దున్న నీళ్ళు ఉప్పుకషాయంలా ఉన్నాయి. వంటింట్లోకి వెళ్తే స్టూలు పొయ్యి పక్కన ఉంది. దాని మీద పాత దుప్పటి ముక్క మడతలేసి కుట్టిన మెత్త. ఆ ఇంట్లో క్షమాపణలకి అంతకన్నా పెద్ద భాష లేదు.

అయినా భయం పూర్తిగా పోలేదు. ఇంట్లో స్టూలు వేయడం వేరు. తెల్లకోట్ల ముందు నోరెత్తడం వేరు. ఆవిడ వార్డెనుల ముందు, పెద్దాఫీసర్ల ముందు ముప్పై ఏళ్ళు తలొంచుకుని నిలబడ్డ మనిషి.

నొప్పులు ఒక పొద్దున మొదలయ్యాయి. మొగుడు బస్సు డ్యూటీలో ఉన్నాడు, కబురు పంపారు. అనుకున్నట్టే డాక్టరమ్మ ఆ రోజు సెలవు. కాన్పు గదిలో ఉన్న నర్సు అనుభవం ఉన్న మనిషి, ఆవిడ చేతుల మీద చాలామంది పుట్టారు. లోపలికొస్తూనే, "ఇలా పడుకుంటే ఎలాగమ్మా. లే, నాలుగడుగులు వెయ్, బిడ్డ కిందికి దిగుతుంది" అని భుజం కింద చెయ్యేసింది.

ఆమె చెప్పాలని చూసింది. నాలుక పిడచకట్టుకుపోయింది. సగం లేపేసరికే ఈగల మోత మొదలైంది, గోడలు అంచుల నుంచి నల్లబడ్డాయి. ఆ నలుపు మధ్యలో మిగిలిన కాస్త వెలుగులో అత్తగారు కనిపించింది. గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని, ఆఫీసర్ల ముందు నిలబడే తీరులో. ఎంత తిరిగితే అంత తేలిక అని రోజూ చెప్పిన మనిషి. ఇప్పుడు అదే మాట నర్సు నోటి నుంచి వింటున్న మనిషి. అయిపోయింది అనుకుంది ఆమె.

"దాన్ని లేపకండి."

గొంతు పెద్దదేం కాదు. నర్సు విననట్టే, "మీరు పక్కకి జరగండి పెద్దమ్మా. మీరిలా గారాబం చేస్తేనే ఈ కాలం పిల్లలు" అంటోంది.

అత్తగారు పక్కకి జరగలేదు. ముందుకొచ్చింది. నర్సు చేతిని, అది ఆఫీసరు చెయ్యి కాదన్నట్టు, హాస్టల్లో పిల్లాడి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకుంది. "నా మాట నమ్మకండమ్మా. ఇది చెప్తే నేనూ నమ్మలేదు. ఇదిగో, ఇక్కడ పట్టుకుని చూడండి" అని ఆ వేళ్ళని తీసుకెళ్ళి కోడలి మణికట్టు మీద పెట్టింది.

నర్సు చూసింది. ఒక క్షణం, రెండు క్షణాలు. ఆమెని ఎడమవైపు ఒత్తిగిలేలా పడుకోబెట్టి, కేసు కాగితాల కోసం, డ్యూటీ డాక్టరు కోసం కేకేసింది. ఆ తర్వాత అన్నీ డాక్టరమ్మ రాసిపెట్టినట్టే జరిగాయి. ముందు సెలైను, తర్వాత నొప్పి తెలియకుండా నడుములో సూది, గుండె మీద కన్నేసి ఉంచే యంత్రం. ఎవరూ ఆమెని మళ్ళీ లేపలేదు. పక్కకి ఒత్తిగిలి పడుకునే, సాయంత్రం వెలుతురు కిటికీ దాటకముందే, ఆడపిల్లని కన్నది.

పిల్ల ఏడుపు విన్నాక లోకం మెల్లిగా దాని చోటికి అది వచ్చింది. వేరే గదికి మార్చారు. పక్కన మూటలా పిల్ల. మంచం ఎత్తున ఉన్న ఆమె కళ్ళకి ముందు కనిపించినవి అత్తగారి కాళ్ళు. చీలమండల దగ్గర నరాలు ముడులు ముడులుగా ఉబ్బి, పాదాలు చెప్పుల్లోంచి పొంగి ఉన్నాయి. ఆవిడ బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదకి, ఆ కాలి మీంచి ఈ కాలి మీదకి మార్చుకుంటోంది. పొద్దుటి నుంచీ ఆవిడ నిలబడే ఉంది. కాన్పు గదిలో తోడొచ్చినవాళ్ళకి కుర్చీ ఉండదు. ఉందేమోనని ఆవిడ అడగను కూడా లేదు. ఇన్నేళ్ళుగా ఆ కాళ్ళని తను కూడా చూడలేదని ఆమెకి అప్పుడు తట్టింది. తన కాళ్ళ గోలలో తనుంది. ఆవిడ కాళ్ళ గోల వినేవాళ్ళు ఎప్పుడూ లేరు.

"ఆ కుర్చీ ఇలా వేయండి, అత్తయ్య కూర్చుంటారు" అంది ఆయాతో. ఇన్ని గంటల తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి మాట అదే.

అత్తగారు వద్దంది. ఫరవాలేదంది. ఎవరైనా డాక్టర్లు వస్తారేమోనంది. చివరికి కుర్చీ అంచున, లేవమంటే లేవడానికి సిద్ధంగా కూర్చుంది. కాసేపటికి వీపు ఆనింది. కళ్ళు మూసుకుంది.

అప్పుడొచ్చాడు మొగుడు. యూనిఫారం మీదే, చేతులు సబ్బుతో కడుక్కుని, నవ్వూ ఏడుపూ కలిసిన మొహంతో. పిల్లని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, అమ్మని చూశాడు. నడుం మీద చెయ్యేసుకుని, అలవాటుగా, కూర్చోవడానికి చోటు కోసం గదంతా చూశాడు. గదిలో కుర్చీ ఒక్కటే. అత్తగారికి కళ్ళు తెరవకుండానే తెలిసిపోయింది. ఆవిడ చేతులు అప్పుడే కుర్చీ చేతుల మీదకి చేరాయి, లేవడానికి.

ఆమె పడుకున్నచోటి నుంచే చెయ్యి చాపి ఆవిడ మణికట్టు పట్టుకుంది. వేళ్ళ కింద నాడి అలసిపోయి, నెమ్మదిగా కొట్టుకుంటోంది.

"మీరు కూర్చోండత్తయ్యా," అంది. "ఆయన నిలబడతారు."